మొదటి వాయి

నూనె కాగిందో లేదో చూడ్డానికి లూర్దమ్మ చిటికెడు పిండి వేసింది. అది తేలగానే, "మహిమా" అని పెదాల మీదే అనుకుని మొదటి పునుగు వదిలింది. నందిగామ కాలేజీ గేటు ఎదురుగా పదమూడేళ్లుగా అదే బండి. భర్త జగ్గయ్యపేట క్వారీలో చనిపోయిన ఏడాదే పెట్టింది. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలే. చిన్నప్పుడు కూతురు మహిమ స్టూలెక్కి మొదటి పునుగు తన చేత్తో వేసేది. ఆ పిల్ల చెయ్యి పడితే పొద్దుగూకేసరికి గిన్నె ఖాళీ. ఆ కాలేజీలోనే డిగ్రీలో చేరాక మహిమ రోడ్డుకి అవతలివైపు నడుస్తోంది. పక్కన స్నేహితులుంటారుగా మరి. లూర్దమ్మ కూడా తల తిప్పుకుని గరిటె కడుగుతుంది.

ఆ శుక్రవారం కామర్స్ చెప్పే చంద్రమౌళి సార్ కాగితాల కట్టతో బండి దగ్గరికొచ్చాడు. ఏ పిల్లలకి సొంతంగా వ్యాపారం పెట్టాలనుంది, అది స్వభావాన్ని బట్టి వస్తుందా, పెరిగిన ఇంటిని బట్టి వస్తుందా అని సర్వే. పదిమందిని ఏరి విజయవాడలో శిక్షణకి పంపుతారట.

"ఒకమ్మాయి భలే రాసిందమ్మా. టిఫిన్ సెంటర్ ఎక్కడ పెట్టాలి, ఏ వేళకి ఏం అమ్ముడుపోతాయి, అన్నీ తెలుసు. కానీ తల్లి ఇంట్లోనే ఉంటుందట, వ్యాపారం ఎరిగినవాళ్లు ఎవరూ లేరట. అలాంటివాళ్లు మధ్యలో వదిలేస్తారని పక్కన పెట్టేసా."

లూర్దమ్మ పై కాగితం చూసింది. ఏడో తరగతి చదివిన మనిషి, కన్నకూతురి రాత పోల్చుకోలేదా? 'ఆ తల్లిని నేనేనండీ' అన్నమాట నోటిదాకా వచ్చింది. ఆ మాటంటే పిల్లకి శిక్షణ దొరుకుతుంది, కానీ క్లాసులో తల ఎత్తుకోలేదు. మాట మింగేసి పునుగులు పొట్లం కట్టి ఇచ్చింది.

"మళ్లీ రాయనిస్తారాండీ, ఆ అమ్మాయిని?"

"సోమవారం దాకా టైముందిలే."

ఇంటికెళ్లాక రేపటికి పిండి రుబ్బుకుంటూ కూతుర్ని పిలిచింది.

"సార్‌కిచ్చిన ఆ కాగితం మార్చి రాయి తల్లీ. నా పేరు వద్దులే. మా అమ్మకి వ్యాపారం వచ్చని ఒక్క ముక్క రాయి, చాలు."

మహిమ మొహం పాలిపోయింది. "రాస్తాలేమ్మా" అని గబగబా లోపలికెళ్లి ఏడ్చింది. ఇన్నాళ్లూ తల్లిని చూసి సిగ్గుపడింది, ఇప్పుడు తనని చూసుకుని సిగ్గేసింది. రేపు మొదటి వాయి నేనే వేస్తా అనుకుంది.

తెల్లారి లూర్దమ్మ లేవలేదు. నిద్రలోనే ప్రాణం పోయింది. గోళ్ల సందుల్లో పిండి ఇంకా అలాగే ఉంది.

సోమవారం మహిమ కాగితం మీద 'తల్లి: లూర్దమ్మ. వృత్తి: వ్యాపారం, పదమూడేళ్లు' అని రాసిచ్చింది. సార్ చదివి, గేటు బయట బండి లేక ఖాళీగా ఉన్న చోటు వైపు చూశాడు. జాబితాలో మహిమ పేరు చేర్చాడు.

మహిమ ఇంటికొచ్చి వంటగది తలుపు తీసింది. మూడు రోజులుగా ఎవరూ ముట్టని పిండి పొంగి, మూతని పైకి లేపి, గిన్నె చుట్టూ కారి అట్టగట్టి ఉంది.