తగ్గించే ఇంగ్లీషు

మా ఆయనకు అనుమానం జాస్తి. పాలు చిక్కగా ఉన్నా పాలవాడు ఏం కలిపాడోనంటారు. అలాంటి మనిషి ముందుకు, బైండింగు షాపు పంచుకునే రోజున, మా మరిది టై కట్టుకున్న వాల్యుయరును తెచ్చి నిలబెట్టాడు.

పంచుకోవడానికి మిగిలింది మావయ్యగారు కొన్న కటింగు మిషను ఒక్కటే. "నాకేమీ వద్దన్నయ్యా, నువ్వే ఉంచుకో" అని మరిది ముందే అన్నాడు. "నీ దానం ఎవడిక్కావాలి?" అని మా ఆయన కస్సుమన్నారు. వాల్యుయరు కట్టిన ధరలో సగం ఇచ్చినవాడే మిషను ఉంచుకోవాలి, ఇవ్వలేకపోతే బయటికి అమ్మి చెరిసగం తీసుకోవాలి అని షరతు పెట్టింది కూడా ఆయనే. ఆ మిషను పోతే ఆయనకు వేరే పని రాదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

వాల్యుయరు మిషను చుట్టూ తిరిగి, "వేర్ అండ్ టేర్ బాగా ఉంది" అన్నాడు. పిడి కదిపి, "డిప్రిసియేషన్ కూడా తీసెయ్యాలి" అన్నాడు. ఆ తర్వాత "ఆబ్సొలీట్ మోడల్" అన్నాడు. చివరికి "స్క్రాప్ వాల్యూ" అంటూ పాత ఇనుము ధర దాకా దిగాడు.

"ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారు. చవగ్గా కొట్టేద్దామని వీడి ప్లాను" అని మా ఆయన నా చెవిలో గొణిగారు. నాకూ అలాగే అనిపించింది. ప్రతి ఇంగ్లీషు మాటకూ ముందు ఆ వాల్యుయరు మరిది వంక చూస్తున్నాడు. మరిదేమో తలెత్తడం లేదు. మనసులో కపటం లేనివాడికి ఆ నేలచూపులెందుకు?

"ఆగండి సార్." మా ఆయన చొక్కా చేతులు మడిచారు. మందపాటి అట్టలు దొంతరగా పెట్టి పిడి లాగారు. వెన్న కోసినట్టు తెగాయి. "బ్లేడు నేనే సానపడతాను. కొత్తవాటిలో ఇంత ఇనుముందా? ఇది స్క్రాపా?"

"అన్నయ్యా, ఆయన్ని చెప్పనీ" అంటూ మరిది ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"నోర్మూసుకో! నీ ఎత్తులు నాకు తెలీవనుకున్నావా?"

నాకు లోలోపల భలే సంబరమేసింది. వాల్యుయరు నసుగుతూనే ధర పెంచాడు. మా ఆయన ఇంకో దొంతర కోశారు. మళ్లీ పెంచక తప్పలేదు. అలా కొత్త మిషను ధర దగ్గరికి తెచ్చి గానీ ఈయన వదల్లేదు.

"ఇప్పుడు న్యాయంగా ఉంది" అన్నారు మీసం దువ్వుకుంటూ. "మిషను నేనే ఉంచుకుంటాను."

"అయితే మీ తమ్ముడి సగం ఇచ్చెయ్యండి" అన్నాడు వాల్యుయరు.

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. మేం కూడబెట్టిందంతా ఊడ్చినా ఆ సగానికి చాలదు.

మరిది అప్పుడు తలెత్తాడు. "ఊరికే ఇస్తే నువ్వు తీసుకోవుగా. నీ దగ్గరున్న డబ్బుకి సరిపోయేలా తగ్గించమని నేనే ఈయన్ని బతిమాలి తెచ్చాను. ఆ మాటలన్నీ నీకోసమేనన్నయ్యా."

నాకు తల కొట్టేసినట్టయింది. వాల్యుయరు మా ఆయన వంకే చూస్తున్నాడు. ఈయన ఒక్క మాటంటే చాలు, ధర మళ్లీ కిందికి దిగేలా ఉంది. అనండీ అని కళ్లతోనే బతిమాలాను.

మా ఆయన బ్లేడుకు అంటిన అట్టపొడిని గుడ్డతో మెల్లగా తుడిచారు.

"కొనేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి సార్" అన్నారు.