ఎనభై ఆరు బై ఒకటి

ఎర్రమట్టి జాజులో నీళ్లు ఎక్కువైతే గోడ మీద అంకె కారిపోతుంది. తక్కువైతే నెల తిరక్కుండా రాలిపోతుంది. కొమురెల్లి డబ్బాలో పుల్ల తిప్పి పైకెత్తి చూశాడు. ఎర్రటి చుక్క పుల్ల కొసన వేలాడి, కింద పడకుండా ఆగింది. అప్పుడు కుంచె ముంచి, నిరుడు వేసిన అంకె మీదే మళ్లీ దిద్దాడు. డెబ్భై తొమ్మిది.

వెనకాల ఆరుగురు వైద్య విద్యార్థులు నోటు పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. పొద్దున ఎనిమిదికే మార్చి ఎండ వీపుల మీద చురుక్కుమంటోంది.

జమ్మికుంటకు నాలుగు మైళ్లలో ఉన్న ఈ ఊళ్లో, పట్నంలోని సర్కారు వైద్య కళాశాల పల్లె కేంద్రం పెట్టి తొమ్మిదేళ్లయింది. డాక్టరు చదువు చదివే ప్రతి జట్టూ పదిహేను రోజులు ఇక్కడికొచ్చి ఇల్లిల్లూ తిరగాలి. ఇంట్లో ఎందరున్నారు, ఏ బావి నీళ్లు తాగుతారు, పిల్లలకు టీకాలు పడ్డాయా అని రాసుకోవాలి. బావుల్లో మందు కలపాలి. మంత్రసానులకు సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పాలి. వాళ్లకు దారి చూపడం, గోడల మీద నంబర్లు వేయడం అటెండరు కొమురెల్లి పని.

మనిషి పొడుగు, బక్కపలుచన. ఖాకీ చొక్కాకు నాలుగు గుండీలు సర్కారువి, ఒకటి బిడ్డ కిష్టవ్వ కుట్టిన తెల్లది. కుడిచేతి బొటనవేలి గోరు ఏడాది పొడుగునా ఎర్రగానే ఉంటుంది. కాళ్లకు టైరు చెప్పులు. ఎడమదాని మడమ సగానికి అరిగింది.

ఈ రోజుతో అతనికి యాభై అయిదు నిండాయి. కొలువు అయిపోయింది. సాయంత్రం అయిదింటి ప్యాసింజరుకు బెల్లంపల్లి పోతున్నాడు. అల్లుడు అక్కడ బొగ్గుబాయిలో పని చేస్తాడు. కిష్టవ్వ రెండేళ్లుగా రమ్మంటోంది. భార్య పోయినప్పటి నుంచి ఒంటిచేతి వంటే కాబట్టి పోవడానికి అతనికేం బాధ లేదు. సర్వే పూర్తి చేసి పోవాలి, అంతే.

"నిన్న చెప్పిన గద సారూ, బూట్లద్దని," అన్నాడు నడుస్తూ. "మీరు తాళ్లిప్పేటాల్లకు ఇంటోళ్ల బువ్వ సల్లారిపోతది."

లక్ష్మీరాజం నవ్వాడు. ఆసిఫాబాద్ దిక్కు నుంచి వచ్చిన పిల్లవాడు, వాళ్లింట్లో మొదట చదువుకున్నది అతనే. "గవి తప్ప వేరే లెవ్వు పెద్దయ్యా. అవుగని, రిజిస్టర్ల బై నంబరు ఒక్కటే ఉన్నది. ఎనభై ఆరు బై ఒకటి. అన్నదమ్ములు పంచుకున్న ఇల్లా?"

"ఎండ ముదురుతుంది. నడువుండ్రి."

ఈ కాలేజీ గురించి కొమురెల్లికి తెలిసినంత దాని పెద్ద డాక్టర్లకు కూడా తెలియదేమో. అతను చప్రాసీగా చేరిన నాడు పాఠాలు ఉర్దూలో జరిగేవి. చదువు రాదు కాబట్టి ఏ తలుపు వెనక ఏముందో వాసన బట్టి గుర్తుపెట్టుకున్నాడు. పోలీసు చర్య తర్వాత తలుపుల మీది పలకలు ఇంగ్లీషుకు మారాయి. గుమాస్తాలు నెల రోజులు తడబడ్డారు. వాసనలు మారలేదు కాబట్టి కొమురెల్లి తడబడలేదు. రాజ్యం మారింది, రాష్ట్రం మారింది, ఆడపిల్లలు ఎక్కువగా చదువుకు రాసాగారు. పల్లె కేంద్రం పెట్టినప్పుడు, "ఆ దిక్కు మనిషివి నువ్వే" అని అతన్ని ఇటు పంపారు. అంకెలు వేయడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు.

ఎనభై ఆరు దిద్దడం అయ్యాక కొమురెల్లి కుంచె డబ్బాలో పెట్టి ఆగాడు.

పక్క ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. భూమవ్వ ఇల్లు. బల్లార్షా కట్టెల డిపో నుంచి జ్వరంతో వచ్చిన ఆమె చిన్నకొడుక్కు నిన్ననే తల్లి పోసింది, మశూచి. అదే ఇంట్లో పెద్దకొడుకు బిడ్డ ఉంది. నలభై రోజుల పసిగుడ్డు, టీకా లేదు.

ఈ గుమ్మానికి వేపమండలు అతను ఇంతకుముందు ఒక్కసారే చూశాడు. కేంద్రం పెట్టిన మొదటి వేసవి అది. నంబర్లు వేస్తూ ఒక్కడే తిరుగుతున్నాడు. మండలు కట్టిన ఇంట్లోకి పరాయి మనిషి పోగూడదు. తల్లి ఉన్న గోడ మీద కుంచె పెట్టడానికి చెయ్యి రాలేదు. ఎనభై ఆరు వేసి, ఈ ఇల్లు దాటి, అవతలి ఇంటికి ఎనభై ఏడు వేశాడు. నంబరు లేని ఇల్లు రిజిస్టరులోకి ఎక్కలేదు. రిజిస్టరులో లేని ఇంటికి టీకాల వాళ్లు రాలేదు. అప్పుడు మంచాన ఉన్న భూమవ్వ పెద్దకోడలు లేచి తిరిగింది. తర్వాత ఆమె మూడేళ్ల కొడుక్కు పోసింది. వాడు లేవలేదు.

"ఈ ఇంటికి నంబరెందుకు లేద"ని అప్పటి డాక్టరు అడిగితే, "మొన్ననే కట్టిండ్రు సారు" అన్నాడు. పాచి పట్టిన ఆ గోడకేసి చూసి డాక్టరు ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రమే కొమురెల్లి దాని మీద ఎనభై ఆరు బై ఒకటి వేశాడు.

అప్పటి నుంచి మండలు కట్టిన ఇంటిని వదల్లేదు. దానికో పద్ధతి పెట్టుకున్నాడు. చెప్పులు విడిచి, వాటి ముందువైపు వీధికి తిప్పి పెడతాడు. ఇంటివాళ్లు పొమ్మంటే మారుమాట లేకుండా తొడుక్కుని పోవడానికి. చెంబులోని వేపాకు నీళ్లు కాళ్ల మీద, గడప మీద పోస్తాడు. "తల్లీ, నీ బిడ్డల లెక్క రాసుకుంటం" అని మొక్కుతాడు. విద్యార్థులచేత కూడా అలాగే చేయిస్తాడు. ఊరు ఒప్పుకుంది.

భూమవ్వ అరుగు మీద కూర్చుని చింతగింజలు కొడుతోంది. అరవై దాటిన మనిషి. తలెత్తకుండానే అంది.

"ఇయ్యాల్టితోని నీ కొలువు అయిపాయెనట గద తమ్మీ."

"అయిపాయెనక్కా. పసిపోరికి టీకా ఏపిచ్చి పోదామని వచ్చిన."

"తల్లికి నీళ్లు పోసినంక రా. తొమ్మిదొద్దులు."

"అన్నొద్దులు ఆగితే టీకా పనిచెయ్యదక్కా. ఇయ్యాల్నే ఏపియ్యాలె."

"తల్లి ఇంట్ల ఉండంగ సూది పొడుస్తరా?" భూమవ్వ సుత్తె పక్కన పెట్టి విద్యార్థులను ఎగాదిగా చూసింది. "గీ బూట్లోళ్లను చూపెట్టి బెదిరిస్తున్నవా? ఇంక మీసాలన్న మొలువలే."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. లక్ష్మీరాజం చెయ్యి మీసం దగ్గరికి పోయి వెనక్కొచ్చింది.

లోపల పసిపిల్ల ఏడ్చింది. కొమురెల్లి చెంబు కింద పెట్టి అరుగు అంచున చతికిలబడ్డాడు. పెట్టుకున్న పద్ధతిలో ఇక్కడ పనికొచ్చేది ఏమీ మిగల్లేదు.

"అక్కా, నీ గోడ మీద బై నంబరు ఎందుకున్నదో ఎరికేనా?"

"నాకు సదువస్తదా?"

"మొదటి సంవత్సరం నీ ఇల్లు దాటిచ్చిన. ఏపమండలు జూసి రాయకుంట పోయిన. రాస్తే టీకాలోళ్లు వచ్చేటోళ్లు. నీ మన్మడు..." బొటనవేలిని చొక్కాకు తుడుచుకున్నాడు. ఎరుపు పోలేదు. "డాక్టరుకు సుత అబద్ధం చెప్పిన. ఇల్లు కొత్తగ కట్టిండ్రని."

రాసుకుంటున్న పెన్సిళ్లు ఆగాయి. భూమవ్వ చాటలోని గింజలను చేత్తో ఒక పక్కకు నెట్టింది.

"నాకెరికే," అంది.

"ఎట్ల?"

"కిటికీలకెల్లి చూసిన. చెప్పులు ఇడిసినవు. దండం పెట్టినవు. మల్ల తొడుక్కొని పోయినవు. చెప్పులు ఇడిసినోడు లోపటికొస్తడనుకున్న." ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వస్తే పోరడు బతుకునో లేదో, గది తల్లికెరుక. గని నువ్వు రాకపోతివి. గిన్నేండ్లు గదొక్కటే కడుపుల పెట్టుకున్న."

కొమురెల్లి అరుగు అంచునే కూర్చుని తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఇప్పుడన్న వస్తవా, గాడ్నే కూసుంటవా?" భూమవ్వ లేచి నిలబడింది. "ఓ బూట్ల సారూ! నువ్వే. జర సల్లగ పొడువు. ఆడివిల్ల, చెయ్యి ఖరాబు జేసినవంటే రేపు లగ్గానికి నిన్నే పట్టుకొస్త."

ఈసారి అందరూ నవ్వారు. బూట్ల తాళ్లు విప్పుకోవడానికి లక్ష్మీరాజం తంటాలు పడుతుండగా కొమురెల్లి చెప్పులు విడిచి, ఈసారి వీధికి తిప్పకుండా ఉన్నవాటిని ఉన్నట్టే వదిలి, కాళ్ల మీద వేపనీళ్లు పోసుకుని లోపలికి పోయాడు.

కోడలు పిల్లను ఒళ్లో పెట్టుకుంది. లక్ష్మీరాజం చిన్న చేతిని పట్టుకుని మందు చుక్క వేసి, చిన్న పళ్లున్న టీకా సూది ఆనించి మెల్లగా తిప్పాడు. పిల్ల ఒక్క కేక పెట్టి, తల్లి రొమ్ము దొరగ్గానే మరిచిపోయింది. పెద్దకొడుక్కు కూడా టీకా పడింది. బయటికొచ్చి కొమురెల్లి గోడ మీద ఎనభై ఆరు బై ఒకటి నిదానంగా దిద్దాడు. ఒక్క చుక్క కూడా కారలేదు.

చెప్పుల కోసం వంగబోతే భూమవ్వ అరిచింది.

"ముట్టకు! తల్లి ఉన్నన్ని దినాలు మా గడప కాడికెల్లి ఏ సామాను కదలదు. మర్లవడ్డవా?"

"నేనెట్ల పోవాలక్కా? మాపటికి రైలున్నది."

విద్యార్థులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లక్ష్మీరాజం పొద్దుటి నుంచి మోస్తున్న సంచిలోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. కొత్త తోలు చెప్పులు. "మాపటికి మన కేంద్రం డాక్టరమ్మ చేతులకెల్లి ఇప్పిద్దామనుకున్నం పెద్దయ్యా," అని వాటిని వీధి వైపు తిప్పి అతని కాళ్ల ముందు పెట్టాడు.

కొమురెల్లి కాసేపు వాటిలో కాళ్లు పెట్టకుండా నిలబడ్డాడు. పెట్టాక పది అడుగులు కుంటినట్టు నడిచాడు.

"కరుస్తున్నయా?" అన్నాడు లక్ష్మీరాజం.

"కరువనియ్యి సారూ. కొత్తయి గద."

అయిదింటి ప్యాసింజరు ఆ రోజు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. చేతిసంచి, పరుపుచుట్ట పట్టుకుని కొమురెల్లి ఎక్కాడు. కిటికీ పక్కన చోటు దొరికింది. జాజు డబ్బా, కుంచె, ఇత్తడి చెంబు కేంద్రంలో కొత్త అటెండరు హనుమండ్లుకు అప్పగించాడు.

ఎనిమిదో రోజు టీకా పట్టిందో లేదో చూడటానికి హనుమండ్లు విద్యార్థులను భూమవ్వ ఇంటికి తీసుకొచ్చాడు. పిల్ల చేతి మీద చిన్న పొక్కు నిండుగా లేచింది. పట్టినట్టే. ఒంటి మీద ఇంకెక్కడా ఏమీ లేదు. లోపలికి పోయేముందు బూట్లు విడవమని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వాడిన వేపమండల కింద, గడపకు ఆనుకుని, ఎడమ మడమ అరిగిన టైరు చెప్పుల జత ఇంట్లోకి మొహం పెట్టి ఉంది.