పశువుల పొడి

పండ్లతోటలో పురుగుమందు కొట్టే మనిషికి అన్నం సయించడం మానేసినప్పుడు, పశువుల కొట్టంలో పనిచేసే అతని భార్య తనకు తెలిసిన వైద్యమే చేసింది. మేత ముట్టని ఆవులకు పెట్టే ఖనిజాల పొడి డబ్బా ఒకటి ఇంటికి తెచ్చి, రోజూ ఓ చెంచాడు మొగుడి పాలల్లో కలిపింది. ఆ పొడి తిన్న ఆవుల ఒళ్లు నిగనిగలాడడం ఆమె కళ్లారా చూసిందే.

ఆ పాలు తాగితే తుప్పు మేకు చప్పరించినట్టుండేది అతనికి.

"ఏం కలిపావే ఇందులో?"

"బలం. ఆవుల పొడిలే. కొన్నాళ్లు తాగు, పూటకో తప్పేలెడు పాలు నువ్వే ఇస్తావు."

నవ్వి తాగేసేవాడు.

ఇప్పుడు కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పొద్దున భార్య ఇంటికెళ్లిన తర్వాత డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే పొడి సంగతి చెప్పాడు.

"ఏళ్ల తరబడి పురుగుమందు మీ లివర్‌ని తినేస్తూనే ఉంది," అందావిడ. "ఆ దెబ్బతిన్న లివర్ మీదే పొడిలోని రాగీ ఇనుమూ పేరుకుపోయాయి. ఏదో ఒకటే అయితే తట్టుకునేదేమో."

"బాగవుతుందా అమ్మా?"

డాక్టరమ్మ అతని కాళ్ల మీద దుప్పటి సర్దింది.

"మా ఆవిడకి పురుగుమందు సంగతొక్కటే చెప్పండి. పొడి సంగతి నాతో పోనివ్వండి," అన్నాడు.

సాయంత్రం ఆమె ఫ్లాస్కుతో వచ్చింది. "అంతా ఆ మందు చేసిన పనేనటగా. మూతికి గుడ్డ కట్టుకోవయ్యా అంటే విన్నావా? నా పొడి పుణ్యాన ఇన్నాళ్లయినా నిలబడ్డావు."

"అవునే," అన్నాడు. ఆమె మూత తిప్పబోయింది. "పాలు వద్దందే డాక్టరమ్మ."

"సరేలే. పొడి వృథా పోదు. బక్కన్నక్కూడా అన్నం సయించడం లేదట. వదిన ఏడుస్తుంటే సగం డబ్బా ఇచ్చొచ్చాను. ఈ రాత్రి పాలతో మొదలెట్టి, రెండేసి చెంచాలు వెయ్యమన్నా. నీకు ఒక్కటేసి తప్పు చేశానేమో."

బక్కన్న తోటలో అతని జతగాడు. పక్కపక్క వరసల్లో, ఒకే గాలి పీలుస్తూ మందు కొట్టినవాళ్లు.

అతను కాసేపు కళ్లు మూసుకున్నాడు. "ఇలా కూర్చోవే," అని, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు.

ఇది కూడా వేళాకోళమేనేమోనని ఆమె అతని మొహంలోకే చూసింది.

"మరి ఇందాక అవునన్నావే?"

ఆమె ఫ్లాస్కు బల్ల మీద పెట్టి లేచింది.

"వదిన పాలు కాచే వేళయింది," అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నేనొచ్చేదాకా ఉండయ్యా."

"ఎక్కడికి పోతానే."

అతను ఒకటంటే తను రెండనే మనిషి, ఏమీ అనకుండా వరండాలో పరుగెత్తింది. ఆమె చెప్పులు మంచం కిందే ఉండిపోయాయి.