రేడియో అల్లుడి గిటారు

కొల్లేటి మధ్య తామరలంకలో జగ్గారావుని అందరూ రేడియో అల్లుడనే అనుకునేవారు. ఎదురుగా కాదు లెండి. ఎదురుగా అయితే అందరికీ అతను "అల్లుడుగారండీ"యే. చేపల వ్యాపారం చేసే సత్తియ్యగారు లంక మొత్తానికి మొదటి బ్యాటరీ రేడియో కొన్నారు. అది నెల తిరక్కుండానే మూగబోయింది. పడవలోనూ, బండిలోనూ, రైల్లోనూ ఒళ్ళో పెట్టుకుని దాన్ని తాడేపల్లిగూడెంలో రిపేరు కొట్టుకి మోసుకెళ్ళారు. అక్కడ పనిచేసే జగ్గారావు అరగంటలో దానిచేత పాడించాడు. తల్లీ తండ్రీ లేనివాడు, మాట మెత్తన, చెయ్యి చురుకు. సత్తియ్యగారికా, ఒక్కతే కూతురు. ఇంకేముంది, మూడు నెలల్లో అల్లుణ్ణి కూడా పడవెక్కించి తెచ్చేసుకున్నారు. రేడియో చెడిపోయినప్పుడల్లా అంత దూరం మోయక్కర్లేకుండా మావగారు భలే ఉపాయం చేశారని ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు.

ఇల్లరికం అంటే తిని కూర్చోవడమే అనుకునే మహానుభావులు ఒక్క వర్షాకాలం ఆ లంకలో గడిపి చూడాలి. నాలుగు పక్కలా నీళ్ళు. గట్టు చేరాలంటే పడవ కావాలి, పడవలన్నీ మావగారివి. "మావయ్యగారూ, ఓసారి ఏలూరు వెళ్ళొస్తానండీ" అంటే ఆయన ఎన్నడూ కాదనలేదు. కాదంటే పోట్లాడవచ్చు. "దానికేం భాగ్యమండీ, తప్పకుండా వెళ్ళిరండి. ఇవాళ మాత్రం గాలి బాగోలేదండి" అనేవారు. మర్నాడు పడవ బాగుండేది కాదు. ఆ మర్నాడు రోజు మంచిది కాదు. తెగించి ఒక్కడే రేవుకి వెళితే, పడవ నడిపే కొండయ్య గెడ చంకన పెట్టుకుని, దణ్ణం పెట్టి, "ఇంట్లో చెప్పారాండీ?" అని అడిగేవాడు. ఇల్లరికపు అల్లుణ్ణి ఇంటివాళ్ళ మాట లేకుండా గట్టు దాటించకూడదన్నది ఆ లంక పడవవాళ్ళ కట్టుబాటు. అల్లుడు అలిగి పోయాడంటే ఆ నింద పడవవాడి మెడకే చుట్టుకుంటుంది. అంత మర్యాదగా అడిగే మనిషిని నెట్టుకుని పడవెక్కడం జగ్గారావు వల్ల కాలేదు. చీకొట్టి కట్టేసినా బాగుండేది, ఈ మర్యాదతో చచ్చిపోతున్నానని ఎన్నిసార్లో లోపల్లోపల ఏడ్చాడు.

బయటపడడానికి అతనికి ఒకటే సాకు, రేడియో బ్యాటరీ. అది అయిపోతే కొత్తది ఏలూరులోనే దొరుకుతుంది, చూసి కొనగలవాడు అల్లుడొక్కడే. అందుకని ఎవరూ వినని వేళల్లో కూడా రేడియో మోగుతూనే వదిలేసి, బ్యాటరీ ప్రాణం తీసేవాడు. అలా సంపాదించుకున్న ఒక ప్రయాణంలో, ఏలూరు పవరుపేటలో దేవసహాయం కనిపించాడు.

దేవసహాయానికి పెళ్ళిళ్ళలోనూ, చర్చి పండగల్లోనూ వాయించే మ్యూజిక్ పార్టీ ఉంది. పెళ్ళికి ముందు జగ్గారావు ఆ పార్టీకి మైకులు అమర్చేవాడు. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, తీగల మీద ఇనప కడ్డీ జారుస్తూ వాయించే హవాయి గిటారు అక్కడే నేర్చుకున్నాడు. గురువు దేవసహాయం కన్నా బాగా వాయించేవాడు కూడా.

"దసరా వెళ్ళగానే మద్రాసుకి మకాం మార్చేస్తున్నామయ్యా," అన్నాడు దేవసహాయం, అతన్ని హోటల్లో కూర్చోబెట్టి. "అక్కడ స్టూడియోలవాళ్ళు ఎలక్ట్రిక్ గిటారు కావాలంటున్నారు. డోలు మోగిందంటే నా చెక్క గిటారు చెవినే పడదు. పై నెల మొదటి ఆదివారం మద్రాసు నుంచి మనిషి వినడానికి వస్తున్నాడు. ఎలాగైనా ఒకటి తయారుచేసుకుని రాగలవా? అది పలికిందా, నువ్విక వెనక్కి వెళ్ళే పనే లేదు."

"వస్తాను మాస్టారూ," అన్నాడు జగ్గారావు. పెళ్ళాం ఉందన్న సంగతి భీమడోలులో రైలు దిగాక గుర్తొచ్చింది. సిగ్గేసింది. అయినా మనసు మార్చుకోలేదు.

ఇంట్లో మాత్రం రేడియోకి తగిలించే కొత్త వాద్యం చేస్తున్నానని చెప్పాడు. సత్తియ్యగారు మురిసిపోయి, ఒడ్డున బోర్లా పడున్న పాత నావలోంచి టేకు పలక ఆయనే ఊడదీయించి ఇచ్చారు. జగ్గారావు దాన్ని కోసి, గాజుపెంకుతో గీకి నున్న చేశాడు. తీగలు బిగించే బిరడలు ఒక విరిగిన మేండలిన్‌లోవి. తీగలు ఏలూరులో కొన్నవి. తీగల కింద ఆనించిన మెట్టు, యుద్ధకాలంలో తాడేపల్లిగూడెంలో దిగిన విమానాల తాలూకు అల్యూమినియం ముక్క. ఏ స్వరం ఎక్కడో తెలియడానికి పలక పొడుగునా నత్తగుల్ల ముక్కలు పొదిగాడు. ఆ ఆలోచన అతని భార్య అమ్మాజీది. మిలమిలలాడుతూ పలక అందంగా తయారైంది.

అందం ఉంటే సరిపోదు గదా, పలకాలి. దాని ప్రాణమంతా కాయిల్లో ఉంది. అయస్కాంతం పైన ఉక్కు తీగ వణికితే, అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగితీగ ఆ వణుకుని పట్టి రేడియోకి అందిస్తుంది. విమానాలవాళ్ళ తుక్కులో దొరికిన హెడ్‌ఫోన్లు విప్పి అయస్కాంతమూ, వెంట్రుకంత సన్నని రాగితీగా తీశాడు. ఆ తీగని వేల చుట్లు, ఎక్కడా తెగకుండా చుట్టాలి. జగ్గారావుకేమో తొందర. తొందర పడ్డ ప్రతిసారీ పుటుక్కుమనేది. ఆఖరికి ఒక్క హెడ్‌ఫోను తీగ మిగిలేసరికి తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

పక్కన వల అల్లుతున్న అమ్మాజీ నూలు కండె కింద పెట్టింది.

"తెగితే ముడేస్తే సరిపోదాండీ?"

"ముడేస్తే పలకదు అమ్మాజీ."

"అయితే ఇటివ్వండి."

ఇచ్చాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వల నూలు మీద ఆడిన వేళ్ళు అవి. బిగించకుండా, వదలకుండా, చుట్టు పక్కన చుట్టు పేర్చుకుంటూ పోయింది. రోజూ మధ్యాహ్నం గిన్నెలు కడిగి వచ్చి కూర్చునేది, దీపం పెట్టే వేళకి లేచేది. ఇదంతా ఎందుకని ఒక్కసారీ అడగలేదు. తనని వదిలి పోవడానికే ఈ మనిషి తన చేత పని చేయించుకుంటున్నాడని ఆ పిల్లకి తెలియదు గదా అనుకుంటే జగ్గారావుకి అన్నం సయించేది కాదు. చెప్పేద్దామని రెండు మూడుసార్లు నోరు తెరిచాడు కూడా. చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, పెట్టుకుంటే తను వెళ్ళలేడు. అంచేత నోరు మూసుకున్నాడు.

కాయిలు తయారైన రోజు గిటారుని రేడియోకి తగిలించి అరుగు మీద వాయించాడు. లంక లంకంతా వాకిట్లో పోగైంది. కడ్డీ జారుతుంటే మనిషి గొంతెత్తి ఏడ్చినట్టూ, మళ్ళీ తనలో తనే నవ్వుకున్నట్టూ పలికింది. వలలు మోసుకొస్తున్నవాళ్ళు మోస్తూనే నిలబడిపోయారు. సత్తియ్యగారు పైపంచతో కళ్ళు తుడుచుకుని, "ఇహ ఏటా అమ్మవారి తీర్థంలో మీరే వాయించాలండీ. మీ తదనంతరం మీ పిల్లలు వాయించాలి," అన్నారు. అందరూ సంతోషంగా తలలూపారు. ఏటా అన్న ఆ మాట వినగానే జగ్గారావు చటుక్కున గిటారు పక్కన పెట్టేశాడు.

బ్యాటరీకని చెప్పి బయల్దేరే ముందురోజు సాయంత్రం, దెబ్బ తగలకుండా కాయిలు ఊడదీసి, గుడ్డ చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. గిటారు పలకతో కలిపి బట్టలన్నీ మూట కట్టుకున్నాడు. తర్వాత మావగారు పిలిస్తే చేపల బుట్టలు ఎక్కించడానికి రేవుకి వెళ్ళి, భోజనాల వేళకి తిరిగొచ్చాడు. తెల్లారేసరికి ఒకటే వాన. రేవులో కొండయ్య అలవాటు ప్రకారం దణ్ణం పెట్టి అడగబోతుంటే, తాటాకు గొడుగు వేసుకుని వెనకాలే వచ్చిన అమ్మాజీ, "చెప్పారులే కొండయ్యా, తీసుకెళ్ళు. బ్యాటరీ కోసం," అంది. డబ్బా తనే అందించింది. అంత తేలిగ్గా గట్టు దాటడం జగ్గారావుకి అదే మొదలు. వెనక్కి తిరిగి చూడకూడదని గట్టిగా అనుకుని, చూడలేదు.

ఏలూరులో మద్రాసు మనిషి అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జగ్గారావు తీగ చుట్ల మీది గుడ్డ విప్పకుండానే కాయిలు బిగించాడు. గుడ్డ మారింది, వల ముడితో కొత్త గుడ్డ కట్టి ఉంది. తడుస్తుందని మార్చి ఉంటుందిలే, పిచ్చిపిల్ల, అనుకున్నాడు. వైరు యాంప్లిఫయరుకి తగిలించి తీగ మీటాడు.

ఏమీ లేదు. పెట్టెలోంచి గుయ్యిమని రొద, అంతే. వైరు మార్చాడు. బిరడలు బిగించాడు. యాంప్లిఫయరు ఊడదీసి చూశాడు, అది నిక్షేపంలా ఉంది. మొన్ననే అంత బాగా పలికిన కాయిల్ని అనుమానించాలని మాత్రం తోచలేదు. చెమటకి కడ్డీ చేతిలోంచి జారిపోతోంది. దేవసహాయం మధ్యలో నాలుగు పాటలు వాయించి కాలం గడిపాడు. ఆఖరికి మద్రాసు మనిషి లేచి, "పర్వాలేదండీ, మాకు అక్కడే ఎవరో ఒకరు దొరుకుతారు," అన్నాడు. ఆయన మర్యాదగానే అన్నాడు. మర్యాదస్తులు ఎక్కడైనా మర్యాదస్తులే.

"వాద్యం లేకుండా ఏమని తీసుకెళ్ళనయ్యా?" అన్నాడు దేవసహాయం, భుజం మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి బరువుకే జగ్గారావు కుంగిపోయాడు. తాడేపల్లిగూడెం కొట్టులో అతని చోట ఇప్పుడు మరొకరున్నారు. వెళ్ళడానికి వేరే చోటు లేదు. బ్యాటరీ ఒకటి కొనుక్కుని రైలెక్కాడు.

భీమడోలు ప్లాట్‌ఫారం మీద కూర్చుని కాయిలు గుడ్డ విప్పాడు. లోపల రాగి రంగు లేదు. నల్లటి గోధుమ రంగు, గట్టిగా అట్ట కట్టి ఉంది. గోరు తగిలిన చోటల్లా తీగ మీది పూత పొడిపొడిగా రాలి, తీగ తెగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వగరు వాసన. ఆ వాసన తెలియనివాడు కొల్లేట్లో ఉండడు. తుమ్మచెక్క. వలకి ఏ కొత్త నూలు వాడినా తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో కాచి ఆరబెట్టందే నీళ్ళలో వేయరు. అలా కాచకుండా వేస్తే నూలు చివికిపోతుంది. జగ్గారావుకి ఒళ్ళు మండిపోయింది. బండి మీదా, పడవలోనూ ఆ మంట ఆరకుండా జాగ్రత్తగా మోసుకొచ్చాడు.

అమ్మాజీ అరుగు మీద వల అల్లుతోంది. అతన్ని చూసి చటుక్కున లేచి నిలబడింది. జగ్గారావు డబ్బా ఆమె ముందు పడేశాడు.

"ఏం చేశావు దీన్ని?"

"తుమ్మచెక్క పట్టించానండీ," అంది బెదురుగా. "మీరు రేవుకి వెళ్ళినప్పుడు. రెండుసార్లు కాచి పొయ్యి దగ్గర ఆరబెట్టాను. పలకలేదాండీ?"

"పలకడమా! ఇదేమన్నా వలనుకున్నావా? నా బతుకు బుగ్గి చేశావు." పెళ్ళయ్యాక అతను గొంతెత్తడం అదే మొదటిసారి. "ఏలూరు వెళ్ళి బ్యాటరీ కొనుక్కొచ్చే ఒక్కరోజు ప్రయాణానికి ఇంత చెయ్యాలా?"

అమ్మాజీ తల దించుకుంది. 

"బ్యాటరీకి మీ చొక్కాలన్నీ ఎందుకండీ?"

జగ్గారావు చంకలో ఉన్న బట్టల మూట వైపు చూసుకున్నాడు.

"ఎక్కడికి వెళ్తున్నారో తెలీదు. ఎన్నేళ్ళో తెలీదు. అడిగితే వెళ్ళలేరని అడగలేదండీ," అంది. "అక్కడ చివికిపోతే మళ్ళీ చుట్టివ్వడానికి నేనుండను గదా అని, గట్టిగా కాచాను."

కింద పడ్డ డబ్బాలోంచి కాయిలు తీసి, దీపం దగ్గరికి జరిగి, గోటితో తీగ కొస వెతకసాగింది. కొస దొరికినట్టే దొరికి తెగిపోయింది. మళ్ళీ వెతికింది.

"ఇంకో తీగ తెండి, మళ్ళీ చుడతాను. ఈసారి కాచనండీ. అప్పుడు వెళ్దురు గాని."

జగ్గారావు ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఇంక తను ఎక్కడికీ వెళ్ళలేడని ఆ క్షణాన అతనికి తెలిసిపోయింది.