ప్రసాదమైన మాత్ర

అయినా తలకాయకు కూడా కాపలా ఉంటుందని ఎవరనుకున్నారు, పొయ్యి మీద పాలు మెల్లగా మీగడ కడుతుంటే సుగుణమ్మకు అదే ఆలోచన, నెత్తురుకు మెదడుకు నడుమ సన్నటి గోడ ఉంటదమ్మా, అన్నింటిని లోపలికి రానియ్యదు అని నిన్న హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది, మీ ఆయనకు చెయ్యి వణికేది మెదడుల ఒక సరుకు తగ్గిపోయి, ఆ సరుకు నేరుగ ఇస్తె ఆ గోడ దాటదు, ఈ మాత్రయితె దాటి లోపల ఆ సరుకుగ మారుతది, కాని పాలతోని పప్పుతోని మింగితె అన్నీ ఒక్క దారిలనే తోసుకుంటయి, మాత్ర బయటనే ఉండిపోతది, లేవంగనే ఉత్త నీళ్లతోని వేసుకోమనుండ్రి అని, అయ్యో, కడుపు మండుతుందేమోనని రోజూ చిక్కటి పాలతో మింగించింది తనే కదా, పోనీ ఇకనైనా వింటాడా అంటే ఆ మొండి మనిషి అక్కడే అడ్డం తిరిగాడు, లింగపూజ కాకముందు నా నోట్ల ఏదీ పడదు డాక్టరమ్మా అని.

వసారాలో గురులింగప్ప విభూతి పెట్టుకుని కూర్చున్నాడు, మెడలోని లింగాన్ని ఎడమ అరచేతిలోకి తీసుకోవాలి, చెయ్యేమో జల్లెడ పట్టినట్టు ఊగుతోంది, మొన్న లింగం జారబోతే తను కొంగు పట్టింది, నేల తాకలేదు, అయినా గింత అపచారం కంటె నా పానం పోయినా బాగుండు సుగుణా అన్నాడు, వణుకు తగ్గాలంటే మాత్ర పడాలి, మాత్ర పడాలంటే పూజ కావాలి, పూజ కావాలంటే వణుకు తగ్గాలి, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, ఇట్లా అయితే ఈ మనిషి పస్తులతోనే పోతాడు.

పాల ఆవిరిలో ఎందుకో పుట్టినూరు న్యాల్‌కల్ కనిపించింది, చెరకు గానుగ దగ్గర బెల్లం వాసన, మబ్బుగా తెల్లవారే పొద్దు, గురువు జంగమయ్య తన చిన్న మెడలో లింగం కట్టిన రోజు, నాన్న గొంతు ఎక్కడినుంచో తేలివస్తోంది, ఏది తిన్నా లింగానికి సూపి తిను బిడ్డా, సూపినంక అది తిండి కాదు, ప్రసాదం, ఏది తిన్నా, అవును, ఏది తిన్నా అనే కదా అన్నాడు, సుగుణమ్మ పొయ్యి ఆర్పి, కాళ్లూ చేతులూ కడిగి, రోజూ ఆయన పూజ అయ్యాకే వంటింటి మూలన గబగబా తీసే తన లింగాన్ని ఈ రోజు ముందే అరచేతిలో పెట్టుకుని, ఎదురుగా మాత్రా నీళ్లూ పెట్టి కళ్లు మూసుకుంది, తర్వాత వసారాలోకి పోయి పట్టుండ్రి ప్రసాదం అంది, గురులింగప్ప ఆ మాత్ర వైపు, ఆమె మెడ వైపు చాలాసేపు చూశాడు, నీ లింగానికి సూపినవా, సూపిన అంది, ఇంకేంది మరి, ఇయ్యి అని నోరు తెరిచాడు.

మాత్ర పనిచేసేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు, రోడ్డు మీది లారీల మోత దూరంగా నిద్రలో విన్నట్టుంది, గోడ మీది ఎండ కొంచెం కిందికి జరిగింది, ఊగుతున్న వేళ్లు ఒక్కొక్కటే కుదుటపడ్డాయి, పూర్తిగా కాదు, అరచేతిలో లింగం నిలిచేటంత, ఆయన కళ్లలో నీళ్లు చూసి సుగుణమ్మ ముఖం తిప్పుకుంది, ఇన్నేళ్ల కాపురంలో ఈ ఇంట్లో లింగం పట్టే చెయ్యి ఇంకొకటుందని ఆయనకూ తోచలేదు, తనకూ తోచలేదు.