చెయ్యి వదులుగా పెట్టమ్మా

ఎర్రటి మట్టి గాజుల్ని ఒక్క ఒడుపుతో మణికట్టు దాటించి, నర్సుల గది తలుపు వెనక ఉన్న మేకుకు తగిలించింది తనూజ. అవి కాసేపు ఒకదాన్నొకటి తాకి గలగలలాడి ఊరుకున్నాయి. డ్యూటీలో చేతులకు ఏమీ ఉండకూడదు. బోసి చేతులను మోచేతుల దాకా సబ్బు నురుగుతో రుద్దుకుని, కుళాయి కింద పెట్టింది.

పొట్టి మనిషి. నలభై దాటాక నడుము దగ్గర కాస్త ఒళ్ళు చేసింది. ముడి వేసిన జుట్టు చెవుల పైన నెరిసింది. ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ ఎక్కడైనా కనిపిస్తే గుర్తుపట్టే ముఖం కాదు. సైదాబాద్‌లోని ఆ చిన్న ఆసుపత్రిలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నా, నయమై వెళ్ళినవాళ్ళు ఎప్పుడైనా మిఠాయి డబ్బా తెస్తే, ఈమె అనుకుని ఇంకో సిస్టర్ చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. గుర్తుండేవి ఆమె చేతులే. బొటనవేళ్ళు పొట్టిగా, మొదట్లో దిట్టంగా, కాస్త వెనక్కి వంగి ఉంటాయి. సూదికి భయపడే రోగులు "ఆ బొటనేలు సిస్టర్‌ను పిలువుండ్రి" అంటారు.

చేతులు తుడుచుకుంటూ ఉండగానే స్రవ్య పరుగున వచ్చింది. కిందటేడు చదువు పూర్తిచేసి చేరిన పిల్ల.

"అక్కా, కిటికీ పక్క బెడ్ అవ్వ ఒకటే లొల్లి. గాజులు తియ్యనిస్తలేదు. తియ్యాలంటే ఆపరేషనే వద్దంటుంది. సార్ థియేటర్ల తయారైతున్నడు."

"నీ చేతిల ఏంది అది?"

స్రవ్య చేతిలో మడత పెట్టిన తువ్వాలు, బరువైన కత్తెర ఉన్నాయి. గాజుల మీద తువ్వాలు చుట్టి చిట్లగొడితే ఒక నిమిషంలో అయిపోతుంది. అందరూ చేసేది అదే.

"ఆడ పెట్టు," అంది తనూజ.

నాగమణమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు అమ్ముతుంది. పేగు మెలిపడి తెల్లవారుజామున వచ్చింది. ఆలస్యమైతే లోపల కుళ్ళిపోతుందని డాక్టర్ చెప్పాడు. ఒళ్ళంతా నీరు పట్టి, ఆకుపచ్చ గాజులు వాచిన మణికట్టులోకి దిగబడి ఉన్నాయి. మంచం పక్కన ఆమె భర్త బాలకిషన్, ఎండిన చామంతి రేకులు అంటుకున్న చొక్కాతో, ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉన్నాడు.

"ముందుగాల ఆ పోరిని దూరం నిలవడుమను," అంది నాగమణమ్మ, నొప్పిని పళ్ళ మధ్య నలుపుతూ. "పుస్తెలు ఈయన కట్టిండు. ఈయనే తీసి జేబుల ఏసుకున్నడు. మంచిది. గాజులు గాజులోడు ఏసిండు. ఏసినోడే తియ్యాలె. పగలగొట్టుడు ఏంది? నా మొగడు నా ముంగట నిలవడ్డడు, కనవడ్తలేడా మీకు?"

"నీ లొల్లికి నేనున్ననో లేనో నాకే తెలుస్తలేదు," అన్నాడు బాలకిషన్. నవ్వించాలనే అన్నాడు.

తనూజ మంచం అంచున కూర్చుంది. "గాజులు ఏడ ఏసుకుంటవ్ అవ్వా?"

"చార్మినార్ కాడ."

"నేను ఆడి గాజులోళ్ళ బిడ్డనే. ప్రేమ్‌రాజ్ అని, మా బాపు. అద్దాల పెట్టె పెట్టుకొని సందు మొగలనే కూసునేటోడు."

నాగమణమ్మ అనుమానంగా చూసింది. "గాజులోళ్ళ బిడ్డవైతే ఈ సూదుల పనికి ఎందుకొచ్చినవ్? మనసయ్యి వచ్చినవా?"

"లేదవ్వా. జీతం కోసం వచ్చిన."

స్రవ్య ఉలిక్కిపడి తనూజ వైపు చూసింది. నాగమణమ్మ మాత్రం, అంత నొప్పిలోనూ, ఒక పక్కకు నవ్వింది.

"నయం. నిజం చెప్పినవ్. నేనేమన్న దేవుని మీది భక్తితోని పూలమ్ముతున్ననా? ఇగో, పట్టు చెయ్యి."

తనూజ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, సబ్బు నురుగు రాసి, పల్చటి ప్లాస్టిక్ సంచి ఒకటి గాజుల కింది నుంచి వేళ్ళ మీదికి తొడిగింది. పూలదండల సూది పొడిచి పొడిచి గట్టిపడిన వేళ్ళు. అరచేతిని తన అరచేతిలో ముడిచి, బొటనవేలి మొదట్లో తన బొటనవేలితో అదిమింది. "చెయ్యి వదులుగా పెట్టమ్మా," అంది. ఆ మాట ఆమెది కాదు. తండ్రి ప్రతి చేతికీ చెప్పేది. "చేతిని చూడకు బిడ్డా, మొఖం చూడు. నొప్పి ముందుగాల కండ్లల్ల తెలుస్తది," అని కూడా ఆయనే చెప్పాడు.

ముఖం చూస్తూనే ఒక చేతివి, తర్వాత రెండో చేతివి తీసింది. ఒక్కొక్కటీ ఎముక దగ్గర ఆగుతుంది. ఆగినప్పుడల్లా తనూజ కూడా ఆగుతుంది. మళ్ళీ అదుముతుంది. థియేటర్ నుంచి పిలుపు వచ్చింది. "రెండు నిమిషాలు సార్," అంది తల తిప్పకుండా. చివరిదాని దగ్గర కడుపులో నొప్పి తన్నుకొచ్చి నాగమణమ్మ పిడికిలి బిగించింది. టక్కుమని గాజు చిట్లింది.

తనూజ ముక్కలు ఏరింది. చర్మం తెగిందేమో చూసింది, తెగలేదు.

"ఒకటి పోయింది అవ్వా. దాని బదులు నాది ఇస్త."

"నీవేం రంగు?"

"ఎరుపు."

నాగమణమ్మ తీసిన ఆకుపచ్చ గాజుల వైపు చూసింది. "ఆకుల నడుమ గులాబి. మంచిగనే ఉంటది," అంది. తర్వాత బోసి మణికట్లను చూసుకుని గొంతు తగ్గించింది. "గిట్ల ఒట్టి చేతులతోని ఎన్నడు లేను బిడ్డా."

తనూజ కట్టుగుడ్డ నుంచి సన్నటి పేలిక చింపింది. పుండ్లకు పూసే మందు రెండు చుక్కలు వేసి వేళ్ళతో నలిపితే అది పసుపు రంగుకు తిరిగింది. కుడి మణికట్టుకు చుట్టి ముడి వేసింది.

"పసుపేనా?"

"పసుపే అనుకో."

స్ట్రెచర్ కదిలేటప్పుడు నాగమణమ్మ తల తిప్పింది. "మళ్ళ నువ్వే ఏస్తవా? ఇంకొకళ్ళ చేతికియ్యవు గద?"

"నేనే ఏస్త. ఫికర్ చెయ్యకు."

"పోయొస్త."

"రా అవ్వా. గాజులు పట్టుకొని ఈడనే ఉంట."

గాజుల్ని దూదిలో చుట్టి, స్టీలు ట్రేలో పెట్టి, తన బల్ల సొరుగులో దాచింది. తర్వాత రోజూ చేసే పనులు. సెలైన్లు మార్చింది. కాలు పుండు కట్టు విప్పింది. ఆ వాసనకు ఆమె కడుపులో ఇప్పటికీ తిప్పుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ పని మీద ప్రేమ దానంతటదే పుడుతుందని చాలామంది చెప్పారు. పుట్టలేదు. తిప్పితే తిప్పనీ అని ముక్కుకు గుడ్డ బిగించుకుని, పుండు అంచులదాకా శుభ్రం చేసి, కొత్త కట్టు కడుతుంది. మధ్యలో వదిలేసిన కట్టు ఒక్కటీ లేదు.

పక్కన గిన్నె పట్టుకుని నిలబడ్డ స్రవ్య ఉండబట్టలేక అడిగింది. "అక్కా, అట్ల జీతం కోసమని మొఖం మీదనే చెప్తే ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరు? నువ్వెందుకొచ్చినవ్?"

స్రవ్య గిన్నెను ఇంకో చేతిలోకి మార్చుకుంది. "మా నాయిన పని పోయింది. ఇదైతే తొందరగ నౌకరి దొరుకుతదని." తర్వాత చప్పున అంది, "కాలేజీల మాత్రం సేవ కోసమని చెప్పిన."

"నన్ను గూడ అడిగిండ్రు. నెల నెల జీతమొస్తదని చెప్పిన. అడిగినామె మస్తు నవ్వింది. సీటు మాత్రం ఇచ్చింది." తనూజ కట్టు చివర మడిచి అంటించింది. "గిన్నె జర దగ్గరికి పట్టు."

ఆమెకు ఇష్టమైనది గాజుల అద్దాల పెట్టె. బడి నుంచి వచ్చి తండ్రి పక్కన కూర్చుంటే, వచ్చే చేతుల్ని చూసి ఏ కొలతో ముందే చెప్పేది. ఆ పెట్టె వెనక బతుకంతా కూర్చోవాలనుకుంది. తండ్రి చేతులకు వణుకు వచ్చింది. గాజులు తొడగబోయి చిట్లించడం మొదలైంది. రావాల్సినవాళ్ళు పక్క దుకాణాలకు పోయారు. ఆ రోజుల్లో నెల మొదట్లో నర్సులు గుంపుగా గాజులకు వచ్చేవాళ్ళు. బేరమాడేవాళ్ళు కాదు. కర్ఫ్యూ పెట్టి బజారు మూసేసిన నెలలో ఇంట్లో పొయ్యి వెలిగించడానికి తల్లి తంటాలు పడుతుంటే, బజారు తెరవగానే ఆ నర్సులు ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటిలాగే నవ్వుతూ కొనుక్కుపోయారు. తనూజ వాళ్ళ చేతుల్ని కాదు, చేతిసంచుల్ని చూసింది. ఆ సాయంత్రమే నర్సు చదువుకు పోతానని తండ్రికి చెప్పింది.

"నీకు ఇష్టమేనా బిడ్డా?"

"ఇష్టంతోని ఇల్లు గడుస్తదా బాపు?"

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. హాస్టల్‌కు వెళ్ళే రోజు మాత్రం ఆమెను పెట్టె ముందు, కొనుక్కునేవాళ్ళు కూర్చునే వైపు కూర్చోబెట్టాడు. వణికే చేతులతో ఎర్రటి గాజులు తొడిగాడు. అవి తియ్యాల్సి వస్తుందని ఆయనకు తెలుసు. "ఇంటికొచ్చినప్పుడన్న ఏసుకో," అన్నాడు. సందు మలుపు దాకా ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. మొదటి జీతం వచ్చేసరికి అద్దాల పెట్టె ఎవరో కొనుక్కుపోయారు. ఆ జీతంతోనే తల్లికి కళ్ళ ఆపరేషన్ అయింది, ఇంటికి పైకప్పు పడింది, తండ్రి చివరి రోజులు మందులకు వెతుక్కోకుండా గడిచాయి. తనూజ వాటిని ఎవరికీ చెప్పుకోదు. గాజులు పగిలినప్పుడల్లా మళ్ళీ ఎరుపే కొంటుంది, అంతే. డ్యూటీ దిగేటప్పుడు ఏ రోగితోనూ "పోతున్న" అనదు. మంచం మంచానికీ ఆగి "పొద్దున కలుద్దాం" అంటుంది.

మధ్యాహ్నం దాటాక నాగమణమ్మను తీసుకొచ్చారు. పేగు చాలా భాగం తియ్యాల్సి వచ్చిందట. డాక్టర్ ముఖంలో ధైర్యం లేదు. స్పృహ వచ్చాక ఆమె మొదట కుడి చెయ్యి కొద్దిగా ఎత్తింది. పసుపు పేలికను చూసింది. తర్వాత తనూజను చూసింది.

"ఇప్పుడు వద్దవ్వా. వాపు ఎక్కువుంది. పొద్దుగాల ఏద్దాం."

"నువ్వే," అన్నాయి పెదవులు.

"నేనే."

బాలకిషన్ తలవైపు కూర్చుని తడిగుడ్డతో ఆమె పెదవులు తుడుస్తూ, మార్కెట్‌లో మల్లెల ధర ఎట్లా పడిపోయిందో చెబుతూ పోయాడు. ఆమె వింటూనే ఉన్నట్టుంది. పొద్దు వాలే వేళకు, ఆయన మాట మధ్యలో ఉండగానే, వినడం మానేసింది. తనూజ ఎదురు మంచం దగ్గర నుంచి చూసి పరుగెత్తింది. డాక్టర్ వచ్చాడు. ఛాతీ మీద ఒత్తారు. కాసేపటికి ఆయన చేతులు తీసేసి, బాలకిషన్ భుజం మీద పెట్టాడు.

ట్యూబులన్నీ తీశారు. సాయంత్రం డ్యూటీ సిస్టర్ వచ్చి పనులు అప్పజెప్పించుకుంది. కింద అంబులెన్స్ వచ్చి ఆగింది. స్రవ్య తన సంచి భుజానికి వేసుకుని, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది.

"అక్కా, డ్యూటీ అయిపోయింది గద. గాజులు తాతకు ఇచ్చేద్దాం. ఇంటికాడ వాళ్ళే ఏస్తరు."

"మాట డ్యూటీల ఉన్నప్పుడు ఇచ్చిన," అంది తనూజ. "ఆ పూట జీతం నాకొస్తది."

నర్సుల గదిలోకి వెళ్ళి, మేకు మీది ఎర్ర గాజుల్లోంచి ఒకటి తీసింది. సొరుగులోంచి ట్రే తెచ్చి మంచం మీద కూర్చుంది. పేలికను కత్తెరతో కత్తిరించి ట్రేలో వేసింది. నురుగు రాసింది, ప్లాస్టిక్ సంచి తొడిగింది. బాలకిషన్ గోడ దగ్గర నుంచి చూస్తున్నాడు. తనూజ అలవాటుగా ముఖం వైపు చూసింది. అలవాటుగా, "చెయ్యి వదులుగా పెట్టమ్మా," అంది.

ఆ చెయ్యి వదులుగానే ఉంది. ఇంత వదులుగా ఉన్న చేతికి ఆమె ఎన్నడూ గాజులు తొడగలేదు. వాపు ఉన్నా, ఎముకలు మాట విన్నట్టు ఒకదాని పక్కన ఒకటి ఒదిగాయి. తనూజ తర్వాతి గాజు అందుకుంది. తొందరపడలేదు. ఒక్కటీ చిట్లలేదు. స్రవ్య ఎప్పుడు సంచి కింద పెట్టిందో, గిన్నెలో నీళ్ళు పట్టుకుని పక్కకు వచ్చి నిలబడింది.

ఆకుపచ్చల నడుమ ఎర్రది దిగింది.

"గులాబి అనుకుంట ఏదో అన్నది పొద్దుగాల," అన్నాడు బాలకిషన్. "ఇదేనా?"

"ఇదే బాపు."

ఆయన జేబులోంచి పుస్తెలు తీసి, వంగి, ఆమె మెడలో వేశాడు. ముడి ఒక పట్టాన పడలేదు. తనూజ చెయ్యి సాయం పెట్టలేదు. ఆయనే వెయ్యాలి.

స్ట్రెచర్ లిఫ్టులోకి వెళ్ళేదాకా చూసి, తనూజ చేతులు కడుక్కుంది. మిగిలిన గాజులు వేసుకుంది. మంచం మంచానికీ ఆగి "పొద్దున కలుద్దాం" అంది. కిటికీ పక్క ఖాళీ మంచం దగ్గరికి వచ్చేసరికి, మాట అలవాటుగా నోటిదాకా వచ్చి ఆగింది. బస్సుకు ఆలస్యమైందని స్రవ్య మెట్ల దగ్గర నుంచి పిలిచింది. వెళ్ళింది.

ఆయా వచ్చి దుప్పటి మార్చింది. మంచం పక్కన స్టీలు ట్రే అట్లాగే ఉంది. అందులో పసుపు పేలిక, కత్తెర పడ్డ చోట విడిపోయినా, ముడి విడకుండా, ఆ చేతి గుండ్రదనాన్ని ఇంకా పట్టుకునే ఉంది.