దుబాసీ సంతకం

అద్దం తుడవడం పెద్దకోడలి పని. హాల్లో సోఫా పైన వేలాడే ఫ్రేము అద్దం గురించి చెప్పేది. మిగతా ఇల్లు తుడవడానికి పనిమనిషి ఉంది కానీ, ఆ ఫ్రేము మీద పనిమనిషి చెయ్యి పడకూడదని మామగారి ఆజ్ఞ. "అది మన మూలపురుషుడి మాట. కాస్త పద్ధతిగా తుడవాలి" అంటారాయన. పద్ధతిగా అంటే స్టూలెక్కి, ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో, కోర్టుకు టైమైపోతున్నా సరే ఒక్క మరక మిగలకుండా. ఈ పద్ధతి కనిపెట్టిన పెద్దమనిషి తన కళ్లజోడు తను తుడుచుకున్న పాపాన పోలేదు.

ఫ్రేములో ఉన్నది దొరల కాలం నాటి కోర్టు కాగితం. దొరల భాషలో ఎవరో గుమాస్తా వంకర రాత, అడుగున దుబాసీ గారి సంతకం. పక్కనే, హెడ్మాస్టరుగా రిటైరైన మామగారు స్వయంగా తర్జుమా చేసి, గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టిన తెలుగు. దుబాసీ అంటే దొరలకూ జనానికీ మధ్య నిలబడి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసినవాడు. ఆ కుటుంబానికి మొదలు ఆయనే. దాయాదులు ఆయన కొడుకును ఆయనకు పుట్టినవాడు కాదన్నారట. అప్పుడు కోర్టులో నిలబడి ఆయన చెప్పిన జవాబట ఇది: "ఈ బిడ్డ నా బిడ్డ. ఎవరు కాదన్నా నా బిడ్డే." అందుకని ఆ ఇంట్లో ఏ మగపిల్లవాడు పుట్టినా, తండ్రి వాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఫ్రేము కింద కూర్చుని ఆ మాటలు పైకి చదవాలి. ఆడపిల్ల పుడితే చదవరు. చదవకూడదని ఎక్కడా లేదు, ఎవరికీ తోచలేదంతే. పెద్దకోడలు కూతుర్ని ఎత్తుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మామగారు వాకింగ్‌కు వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన చాలా దూరం నడిచారని అత్తగారు ఇప్పటికీ మెచ్చుకుంటూ చెబుతుంది.

పెద్దకోడలు చేసేదీ దుబాసీ పనే. కోర్టులో ఇంటర్‌ప్రెటర్. సాక్షి బోను పక్కన కుర్చీ లేకుండా నిలబడి, కోర్టు భాష రానివాళ్ల మాటను ఆ భాషలోకి మార్చి చెప్పాలి. "ఈవిడ ఇలా అంటోందండీ" అనకూడదు. బోనులో మనిషి "నేను" అంటే తనూ "నేను" అనాలి. ఆ లెక్కన ఆమె ఒకరోజు మొగుణ్ణి పొడిచిన భార్య, ఇంకోరోజు భార్యను కాల్చిన మొగుడు. "నేనే కొట్టానండీ, తాగి ఉన్నాను" అని నిండు కోర్టులో ఒప్పుకుని, ఆ నోటితోనే సాయంత్రం ఇంటికొచ్చి "కాఫీ పెట్టమంటారా?" అని అడుగుతుంది. చెప్పిందంతా కాగితం మీదికెక్కాక అడుగున సంతకం చేస్తుంది. పెళ్లైన కొత్తలో మామగారు ఒకసారి కోర్టుకొచ్చి, కోడలు "నేను దొంగతనం చేశాను" అనడం విని అదిరిపోయారు. "అది నా మాట కాదు మామయ్యగారూ, సాక్షి మాట" అని ఆమె ఎంత చెప్పినా, "మా ఇంటి పిల్ల నోటితో ఆ మాటేంటమ్మా" అని రెండు రోజులు ముభావంగా ఉన్నారు. భర్త మాత్రం నవ్వాడు. "రోజంతా ఊళ్లోవాళ్ల నోరు అరువు తెచ్చుకుని వాగుతావు. ఇంట్లో నీ నోటికి సెలవు దొరుకుతుంది, మంచిదే కదా" అన్నాడు. అతను అనే మాటలు అప్పుడు జోకుల్లాగే ఉంటాయి. అంట్లు తోముతున్నప్పుడు గుచ్చుకుంటాయి.

ఈ ఏడు మామగారు వంశ చరిత్ర అచ్చువేయిద్దామనుకున్నారు. సాఫీగా రాసే పని, వంశవృక్షం గీసే పని పెద్దకోడలికి వచ్చిపడ్డాయి, దస్తూరి బాగుంటుందని. పుస్తకం మీద పేరు మాత్రం తండ్రీకొడుకులది. "ఇంట్లో పనికి కూడా పేరేంటే" అన్నాడు భర్త. ఆ వృక్షానికి కొమ్మల దాకా బాగానే ఉంది, మొదట్లోనే చిక్కు. దుబాసీ గారిని కొలువులో చేర్చుకున్న కాగితంలో ఆయన ఓడల మీద సరుకు తెప్పించే వర్తకుడి కొడుకు. ఫ్రేములోని కాగితంలోనేమో "నేను ఆ ఇంట్లో వంట చేశాను, వంటింటి గుమ్మం దగ్గర పడుకున్నాను" అని ఉంది. షావుకారు కొడుకుకి ఇంకొకరింట్లో గరిట తిప్పే ఖర్మ ఎందుకు పట్టింది? మామగారు ఏళ్ల తరబడి బుర్ర బద్దలుకొట్టుకుని, దుబాసీలు ఇద్దరని తేల్చారు. పెద్ద దుబాసీ, ఆయన చేరదీసిన వంటకుర్రాడు చిన్న దుబాసీ. అలా చెట్టుకు రెండు మొదళ్లు వచ్చాయి. ఆడపిల్లలు మాత్రం ఎక్కడా లేరు. కోడళ్లు మొగుళ్ల పేర్ల పక్కన "భార్య" అనే మాటగా ఉన్నారు. పెద్దకొడుకు కొమ్మ కింద ఖాళీ.

ఆ ఖాళీ అత్తగారికి కంట్లో నలుసైంది. చిన్నకోడలు మళ్లీ నీళ్లోసుకుందని తెలిసిన రోజే ఇంట్లో మాట అయిపోయింది. ఆమెకు ఇదివరకే ఇద్దరు మగపిల్లలు. మూడోదీ మగబిడ్డైతే పెద్దకొడుక్కి దత్తత. అన్నదమ్ములు అనుకున్నారు, తల్లీతండ్రీ సరేనన్నారు. కోడళ్లిద్దరినీ ఎవరూ అడగలేదు, వాళ్లప్పుడు వంటింట్లో ఉన్నారు.

మగపిల్లవాడే పుట్టాడు. పెరట్లో పిల్లాడి గుడ్డలు ఆరేస్తూ చిన్నకోడలు ఒకరోజు నెమ్మదిగా అంది.

"ఒకే ఇల్లే కదా, కళ్లముందే పెరుగుతాడు, నీకేం పోయింది అంటున్నారక్కా."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. వాడు నన్నేమని పిలుస్తాడు అని మాత్రం అడిగాను. పిన్ని అంటాడులే అన్నారు అత్తయ్య."

అని, తడిగుడ్డ పిండిందే మళ్లీ పిండింది. పెద్దకోడలు బకెట్లోంచి ఇంకో గుడ్డ తీసి దండెం మీద ఆరేసింది. తనకు ఆ పిల్లవాడి మీద ఆశ లేదు. తన కూతురు బంగారం లాంటి పిల్ల. కానీ వద్దు అంటే ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసు, అందుకే ఇన్నాళ్లూ ఊరుకుంది.

దత్తత రోజుకే పుస్తకం రావాలని మామగారి తొందర. ఫ్రేములోని అసలు కాగితాన్ని కూడా ఉన్నదున్నట్టు ఎత్తిరాసి ఇమ్మన్నారు. ఇన్నేళ్లుగా అద్దం తుడిచింది కానీ, స్టూలు మీద నిలబడి ఆ గొలుసుకట్టు రాత చదివే తీరిక ఎవరికుంది. ఇప్పుడు ఫ్రేము దించి బల్ల మీద పెట్టుకుని చదివితే, మామగారి తెలుగులో లేని చిన్నచిన్న మాటలు అందులో కనిపించాయి. "అవును. నేను ఆ ఇంట్లో వంట చేశాను. లేదు, జీతం ఇవ్వలేదు. అవును, వంటింటి గుమ్మం దగ్గర. లేదు, అప్పటికి చీకటి పడలేదు. గేటు తీసే ఉంది."

"ఈ అవునులూ లేదులూ మీరు వదిలేశారేం మామయ్యగారూ?" అని అడిగింది.

"ఊతపదాలమ్మా. చదవడానికి అడ్డం."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. అవి ఊతపదాలు కావు, జవాబులు. ఎవరో అడుగుతున్నారు, ఎవరో చెబుతున్నారు. రోజూ తను నిలబడే చోటు అది, రోజూ తన నోట్లోంచి వచ్చే వరస అది. అడుగున ఉన్న సంతకం కేసి చూసింది. తనూ రోజూ అక్కడే సంతకం చేస్తుంది, ఎవరెవరి మాటల కిందో. ఆ లెక్కన ఎప్పుడో ఒకనాడు తన మునిమనవడెవరో "మా ముత్తవ్వ తాగి మొగుణ్ణి కొట్టింది" అని ఫ్రేము కట్టించుకోవచ్చు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే మళ్లీ కాగితం మీదికి వంగింది. ఈ "నేను" దుబాసీ కాడు. మరెవరు?

మర్నాడు మధ్యాహ్నం, కోర్టు వెనకాల పాత రికార్డుల గదికి వెళ్లి, ఫ్రేములోని కాగితానికి ముందు పేజీ ఏమైనా ఉందా అని అడిగింది. రికార్డు గుమాస్తా తుమ్ముకుంటూ కట్ట దించాడు. ముందు పేజీ ఉంది, వెనక పేజీ ఉంది. ఎవరూ దాచలేదు. అడిగినవాళ్లు లేరు. ఫిర్యాదు చేసినవాడు దుబాసీ. ముద్దాయి ఆయన ఇంటి వంటమనిషి, స్త్రీ. నేరం ఆ ఇంటి పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడం. ఊళ్లో రెండు భాషలూ వచ్చినవాడు మరొకడు లేనందువల్ల తర్జుమాకు ఫిర్యాదీనే నిలబెట్టారు. ఆ బిడ్డను కన్నది తనేనని, తండ్రి దుబాసీయేనని, పుట్టగానే తీసుకెళ్లి దొరసాని లాంటి ఆయన భార్య పక్కలో పడుకోబెట్టారని, చూడలేక తన బిడ్డను తను ఎత్తుకుని బయటికి నడిచానని ఆమె చెప్పుకుంది. వెనక పేజీలో ఆమెకు జైలు. బిడ్డను దుబాసీకి అప్పగించాలి. ఆ బిడ్డ కడుపునే ఈ ఇంటివాళ్లంతా పుట్టారు. దుబాసీలు ఇద్దరు కాదు, ఒక్కడే. రెండో మొదలు ఆమె.

మెట్ల మీద కూర్చుని పెద్దకోడలు టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. ఆ దుబాసీ ఎలా నిలబడి ఉంటాడో ఆమెకు తెలుసు, కాళ్లు ఎక్కడ నొప్పిపెడతాయో కూడా తెలుసు. బోనులో ఆ మనిషి ఏడుస్తూ ఏదో అంటుంది. ఆయన దొరల వైపు తిరిగి, గొంతు సవరించుకుని, తన ఇంట్లోనే తను "వంట చేశాను" అంటాడు, "వంటింటి గుమ్మం దగ్గర పడుకున్నాను" అంటాడు. ఒక్క మాట కలిపి ఉన్నా, ఒక్క మాట మింగి ఉన్నా కనీసం భయపడ్డాడనుకోవచ్చు. ఆయన ఏమీ మార్చలేదు. మార్చాల్సిన అవసరమే రాలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు విని కూడా దొర శిక్ష రాశాడు. పెద్దకోడలికి ఆ దుబాసీ మీద కోపం కంటే తన పని మీద అసహ్యం ఎక్కువ కలిగింది. ఎంతమంది ఏడుపును తను ఇలా శుభ్రంగా, తప్పుల్లేకుండా చేరవేసి, సంతకం పెట్టి ఇంటికొచ్చింది.

భర్తకు చెప్పింది. అతను షూ లేసు ముడి విప్పుతూ విన్నాడు.

"పుస్తకం పొద్దున్నే ప్రెస్సుకు వెళ్లిపోయింది. ఇప్పుడు వంటమనిషి కడుపున పుట్టామని అచ్చేసుకోమంటావా?"

"అచ్చేసుకోవడం కాదు. ఆ మాటలు ఎవరన్నవో తెలిసి కూడా, రేపు ఈ పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని మీరు ఎలా చదువుతారని."

"నోటితో" అన్నాడు. "నువ్వు రోజూ చదవడం లేదూ?"

దత్తత రోజున హాలు నిండా చుట్టాలు. ఫ్రేము మళ్లీ గోడకెక్కింది, అద్దం పెద్దకోడలే తుడిచింది. కొత్త పుస్తకాలు టీపాయి మీద దొంతరగా పేర్చారు. ప్లీడరు కాగితాలు పరిచాడు. అందులో నలుగురి సంతకాలు ఉండాలి, కన్నవాళ్లవీ, పెంచుకునేవాళ్లవీ. భార్య ఒప్పుకోకపోతే దత్తత చెల్లదని చట్టం, అందుకని ఆ పూట మాత్రం కోడళ్లకు కూడా కుర్చీలు వేశారు. పిల్లవాడు పెద్దకొడుకు ఒళ్లో నిద్రపోతున్నాడు.

"ఏమ్మా, బిడ్డను ఇవ్వడం నీకిష్టమేనా?" అని ప్లీడరు ఆనవాయితీగా చిన్నకోడల్ని అడిగాడు.

ఆమె పిల్లవాడి వైపే చూస్తోంది.

"ఇష్టమేనండీ, రాసుకోండి" అంది అత్తగారు.

"సాక్షి జవాబు చెప్పలేదు."

తలలన్నీ ఇటు తిరిగాయి. అన్నది పెద్దకోడలు. కోర్టులో గొంతుతోనే అంది, పెద్దగానూ కాదు, చిన్నగానూ కాదు.

"నిన్నెవరమ్మా మధ్యలో తర్జుమా చేయమంది?" అన్నారు మామగారు.

"జవాబు చెప్పకపోతే చెప్పలేదనే రాయాలి మామయ్యగారూ. ఒప్పుకున్నారని రాయకూడదు. ఆ గోడ మీది మాటలు కూడా అలాగే తప్పు రాసుకున్నాం. సంతకం దుబాసీ గారిది, మాటలు ఆయనవి కావు. ఈ బిడ్డ నా బిడ్డ అన్నది ఆయన వంటమనిషి. కన్నతల్లి. బిడ్డను లాక్కుని ఆమెను జైలుకు పంపించారు. ఈ ఇంటివాళ్లంతా ఆమె బిడ్డ బిడ్డలే. కావాలంటే కాగితాలున్నాయి, రేపు నాతో రండి, చూపిస్తాను."

మామగారు ఫ్రేము వైపు చూశారు. అవునులూ లేదులూ తీసేసింది ఆయనే. ఆయన పెదాలు కదులుతుంటే, వాటిని మళ్లీ ఎక్కడివక్కడ పెట్టి చదువుకుంటున్నారని పెద్దకోడలికి అర్థమైంది. చుట్టాల్లో ఎవరో దగ్గారు. ఇంతలో అత్తగారు, ఎవరూ అనుకోనట్టు, అడిగింది.

"ఆవిడ పేరేంటి?"

"రాయలేదత్తయ్యా. వంటమనిషి అని ఉంది."

అత్తగారు టీపాయి మీది పుస్తకంలో, భర్త పేరు పక్కన తను ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు వంశవృక్షం పేజీలు తిప్పి, మూసేసింది.

"ఆ కథలన్నీ తర్వాత" అన్నారు మామగారు. "ఎవరంటే ఏం, మాట మాటే. నువ్వు చదవరా. అమ్మా, నువ్వు సంతకం పెట్టు."

పెద్దకోడలు పెన్ను అందుకుంది. మూత పెట్టి, కాగితాల మీద అడ్డంగా ఉంచింది.

"పెట్టను."

పిల్లవాడు లేచి కేరుమన్నాడు. ఎవరూ చెప్పకుండానే చిన్నకోడలు వచ్చి, బావగారి ఒళ్లోంచి వాణ్ణి ఎత్తుకుని గోడ వైపు తిరిగి పాలిచ్చింది. ఖాళీ అయిన ఒళ్లో చేతులు ఎలా పెట్టుకోవాలో పెద్దకొడుకుకి తెలియలేదు. మొహం నల్లబడింది. ఈ ఇంట్లో రేపటినుంచి తన బతుకు ఎలా ఉండబోతుందో ఆ మొహంలోనే పెద్దకోడలు చదివేసింది.

"దాని తరఫున మాట్లాడుతున్నావా? ఆ చచ్చినదాని తరఫునా?" అన్నాడతను పళ్లు బిగించి. "అసలు నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావు?"

అలవాటు కొద్దీ ఆమె ఒక్క క్షణం ఆగింది, ఎవరి మాట కోసమో చూస్తున్నట్టు. పక్కన ఎవరూ లేరు.

"నా తరఫున" అంది. "నాకు కూతురుంది. ఇంకొకరి బిడ్డ నాకు వద్దు."